చేతిలో శనక్కాయలు

పెనుకొండలో మా వీధి అవ్వ విత్తనానికి శనక్కాయలు ఒలుస్తూ పాడేది. ఆ పాట కోసమే ఆడవాళ్ళు తమ చేటలు తెచ్చుకుని ఆమె చుట్టూ చేరేవాళ్ళు. ఒకసారి రేడియోవాళ్ళు పాటలు పట్టే మిషను తెచ్చారు. కాయల చప్పుడు అడ్డమొస్తోందని, ఒలవడం ఆపి పాడమన్నారు. అవ్వ చేతులు ఆపింది. పాటా ఆగిపోయింది.

"ఊరికే కూచుంటే యాడొస్తాదప్పా?" అంది. వాళ్ళు మిషను సర్దుకుని వెళ్ళిపోయారు.

పాటకూ చేతులకూ ఏం సంబంధమో నాకు అంతుపట్టలేదు. కొన్నేళ్ళకు అవ్వతో హిందూపురం సంతకు పోయినప్పుడు, హోటలు రేడియోలో అదే పాట ఎవరో తియ్యగా పాడుతుంటే ఇద్దరం నిలబడి విన్నాం.

"ఎట్లుండాదవ్వా?" అన్నాను.

"గొంతు బాగుండాదప్పా. పాపం, ఆయమ్మకు చేసేదానికి పనేమీ లేనట్టుండాది."