అత్త కడవ, నా కెమెరా

మొన్న మనవరాలు టీవీలో ఏదో సిరీస్ చూస్తుంటే బొమ్మ అటూ ఇటూ ఊగుతోంది. కెమెరా పట్టినవాడికి చెయ్యి కుదరలేదని నేను గొణిగితే, కావాలనే ఊపుతారు తాతా, నిజంగా జరిగినట్టు ఉండాలని, అని నవ్వింది. ఆ ఊపుకే ఒకప్పుడు నా ఉద్యోగం ఊడబోయిందని దానికేం తెలుసు!

పెళ్లి వీడియోలు తీసుకుని బతికే నన్ను అనంతపురంలో ఓ చిన్న చానల్ వాళ్లు అప్పుడే పనిలో పెట్టుకున్నారు. వాన మొహం చాటేసి, వేరుశనగ పూతలోనే ఎండిపోయిన ఏడాది అది. ఉరవకొండ పక్క పల్లెలో మా మేనత్త రోజూ రాళ్లదారిన రెండు మైళ్లు నడిచి, దూరపు బావి నుంచి కడవతో నీళ్లు తెచ్చేది. ఆ నడక టీవీలో కనిపిస్తేనన్నా ఊరికి ట్యాంకరు పంపుతారని, మా ఆఫీసు పెద్దాయన్ని బతిమాలి మరీ వెళ్లాను. స్టాండు వేస్తే ఆడవాళ్లంతా కొంగు సర్దుకుని ఫోటోకు నిలబడ్డట్టు బిగుసుకుపోయారు. లాభం లేదని కెమెరా భుజానికెత్తుకుని అత్త వెంట పడ్డాను. ఆ టేపు చూసి పెద్దాయన, "ఏమప్పా, నీళ్ల కష్టం చూపియ్యమంటే భూకంపం చూపిస్తాండావే?" అన్నాడు. నాలుగు రోజుల్లో కుదురుగా తీసుకురాకపోతే ఆ నీళ్ల కార్యక్రమమూ లేదు, నేనూ అక్కర్లేదన్నాడు.

నాకు రోషం పొడుచుకొచ్చింది, తీసి తీరాలని మళ్లీ బస్సెక్కాను. అత్త నా గోడంతా విని, ఓదార్చకుండా నన్ను బావికి తీసుకుపోయి నిండు కడవ నా భుజాన పెట్టింది. "మోకాళ్లు బిగబట్టాకురా, కొంచెం వంచు. మడమ మెల్లగా ఆనించు. చుక్క కింద పడిందంటే ఈ పొద్దు నీకు కూడు లేదు," అంది. మొదటి రోజు ఇల్లు చేరేసరికి చొక్కా తడిసిపోయింది, కసురుతూనే కూడు పెట్టింది. భుజం వాచినా రెండో రోజూ మోశాను. మూడో రోజు చొక్కా పొడిగా ఇల్లు చేరాక, కడవ దించి కెమెరా ఎత్తుకున్నాను.

ఈసారి బొమ్మ అత్త అడుగుతోపాటు కొద్దిగా కదిలింది, అంతే. పెద్దాయన ఆ టేపును ఆ సాయంత్రమే ప్రసారానికి పంపాడు. పది రోజులకు ఆ పల్లెకు ట్యాంకరు వచ్చింది.

ఇప్పుడక్కడ ఇంటింటికీ కొళాయి ఉంది, అత్త లేదు. ఆ నడక నడిచేవాళ్లూ లేరు, ఆ కష్టం మళ్లీ ఎవరికీ రాకూడదు కూడా. అయినా మనసు ఊరుకోక నిన్న బిందె నింపి భుజాన పెట్టుకుని వరండాలో నడిచి చూశాను. మోకాళ్లు వంగలేదు, చొక్కా తడిసిపోయింది. మనవరాలు పరుగున తువ్వాలు తెచ్చి ఇచ్చింది. ఈ పొద్దు నీకు కూడు లేదని కసిరే మనిషి మాత్రం లేదు.