సాంచాలు బందున్న పూట

మా బావ చెప్పేది నమ్మకండి. పెళ్ళయినా, పసిపిల్లల తొట్టెల పండుగైనా, ఆఖరికి దినాల భోజనమైనా సరే, నలుగురు విస్తళ్ళ ముందు కూర్చుంటే చాలు, కోరుట్ల నుంచి వచ్చిన ఈ పెద్దమనిషి గొంతు సవరించుకుని, "మా మరదలు బరువు తగ్గుతనని డాక్టరమ్మ దగ్గరికి పోయి, చెప్పిందంత చేసి, ఉన్నదానికంటె ఇంకింత పెరిగింది" అని మొదలుపెడతాడు. జనం నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ముందు బగారన్నం ఉన్నప్పుడు నేనెవరితోనూ కొట్లాడను కాబట్టి. ఇక్కడ నా ముందు అన్నం లేదు, కాగితమే ఉంది. అందుకని చెబుతున్నాను: నేను ఒక్క పూట కూడా నియమం తప్పలేదు. తప్పినవి సాంచాలు. (మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటాం. తెలియనివాళ్ళ కోసం చెప్పాను. తెలిసినవాళ్ళు నన్ను తిట్టుకోకండి.)

ఆ రోజుల్లో బరువు తగ్గడం కూడా ఒక పని అని మా వాడలో ఎవరికీ తెలియదు. మనిషి సన్నబడితే "ఏమైందే, పానం బాగలేదా" అని అడిగేవారు. లావైతే ఏమీ అడిగేవారు కాదు, కొంచెం జరిగి చోటిచ్చేవారు. ఇప్పుడు నా బిడ్డ హైదరాబాదులో జిమ్ముకు పోతూ వారానికోసారి ఫోన్ చేసి "మమ్మీ, ఇయ్యాల నా చీట్ మీల్, కడుపునిండ తింట" అంటుంది. "ఎవల్ని మోసం చేస్తున్నవే?" అని అడిగితే "నా బాడీని" అంటుంది. తినేది బాడీ, అరిగించుకునేది బాడీ, మధ్యలో మోసపోయిందెవరని నేను వాదన ఎత్తుకునేలోపే ఫోన్ పెట్టేస్తుంది. మా ఇంట్లో ఆ పూటకు అటువంటి దొంగ పేరు లేదు. రోజంతా వాడను అదరగొట్టే చప్పుడు ఒక్కసారిగా ఆగేది. ఆగిందంటే నేను తినొచ్చు. అంతే.

కథకు మూలం కోరుట్లలో విరిగిన ఒక ప్లాస్టిక్ కుర్చీ. అప్పుడు నాకు డిగ్రీ అయిపోయి, మా ఇంటికి రెండు వీధుల అవతలి ప్రైవేటు బడిలో సోషల్ చెబుతున్న కొత్త. అక్క కొడుకు తొట్టెలకు పోయాం. పందిట్లో కూర్చుని రెండోసారి వడ్డించుకున్న మటన్ కూరలో బొక్కను జుర్రుతున్నాను, కుర్చీ వెనక కాళ్ళు రెండూ చెరో దిక్కుకు జరిగాయి. కూర చిందలేదు, గిన్నెను పైకెత్తి పట్టుకునే కూలబడ్డాను. (దీన్ని మాత్రం బావ ఎప్పుడూ చెప్పడు.) అందరికంటే ముందు ఆయనే పరుగెత్తుకొచ్చాడు, నా దగ్గరికి కాదు, కుర్చీ దగ్గరికి.

"అయ్యో! తొట్టెల నాడే కుర్చీకి దినాలు చేయవట్టె గదా మరదలా!"

"గా కుర్చీ నీ అసొంటిదే బావా. పైకి తెల్లగ మెరుస్తది, లోపల సత్తువ లేదు" అన్నాను కింద నుంచే. నవ్వినవాళ్ళు నా మాటకు నవ్వారో నా పడటానికి నవ్వారో తెలియదు కానీ, లేచి చీర సర్దుకుంటున్నప్పుడు నాకే మొదటిసారి నవ్వు రాలేదు.

మర్నాడు తిరుగుదారిలో జగిత్యాలలో బస్సు దిగి, అక్క చెప్పిన ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాను. తూకం వేసి, చీటీ మీద రాసి, అన్నం తగ్గించమంది, జొన్నరొట్టె తినమంది, సాయంత్రం నడవమంది. నా మొహం చూసి జాలిపడిందేమో, "వారానికి ఒక్క పూట నీకు నచ్చింది కడుపునిండా తిను. లేకపోతే పది రోజులకే నా మీద కోపమొచ్చి అన్నీ మానేస్తావు. కానీ ఆ పూట దేనికో ఒకదానికి ముడిపెట్టుకో, ఇష్టమొచ్చినట్టు జరపకు" అంది. "ఆదివారం అనుకో" అని సలహా కూడా ఇచ్చింది. నేనక్కడే వాదన పెట్టుకున్నాను. మా ఇంట్లో ఆదివారానికీ మంగళవారానికీ తేడా లేదు. ముందు గదిలో నాలుగు సాంచాలు రోజూ నడవాల్సిందే. నాయిన వాటి నడుమ తిరుగుతూ ఉంటే అమ్మ మూలన కూర్చుని నూలు కండెలు చుడుతూ ఉంటుంది, పొయ్యి మీద పప్పు దానంతట అది ఉడుకుతుంది. మా వాడకు వారంలో ఒక పగలు కరెంటు బందు. ఏ రోజన్నది నెలకోలా మారేది. ఆ రోజే అమ్మ చేతులు ఖాళీ. ఆ రోజే బగారన్నం, మటన్ కూర. కాబట్టి నేను తినేది సాంచాలు బందున్న రోజే. డాక్టరమ్మకు సాంచ అంటే ఏమిటో తెలియలేదు, నా గొంతు తగ్గేలా లేదని మాత్రం తెలిసింది. సరేనంది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ కండె చుట్టడం ఆపకుండానే అరిచింది: "గదేం నియమమే! ఉపాసమంటె దేవునికి ఉంటరు గని, కుర్చీకి ఉంటరా?" సాంచాల పక్కన బతికేవాళ్ళు రెండు రకాలు. చప్పుడును మించి అరిచేవాళ్ళు, చప్పుడుకు దండం పెట్టి నోరు మూసుకునేవాళ్ళు. నేనూ అమ్మా మొదటి రకం. నాయిన రెండో రకం. ఆయన వింటున్నాడో లేదో కూడా తెలిసేది కాదు. నా మాట అయిపోయాక తెగిన పోగును వేళ్ళతో ముడేసి, తలకాయ ఊపాడు. అది నాకో, పోగుకో.

ఆ తర్వాతి రోజులను తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. ఆకలిని చెవులతో కాచుకోవడం ఎప్పుడైనా చేశారా? బడిలో నల్లబల్ల మీద మొగలుల వంశవృక్షం గీస్తూ ఉండేదాన్ని. రెండు వీధుల అవతలి నుంచి ఆ టకటకలు గోడలోంచి, సుద్దముక్కలోంచి వేళ్ళదాకా వచ్చేవి. హఠాత్తుగా ఆగిపోయేవి. వాడ వాడంతా ఊపిరి బిగబట్టినట్టయ్యేది. షాజహాను దగ్గర చెయ్యి ఆగేది. మూత పెట్టిన గిన్నెలో లవంగాలు, యాలకులు నెయ్యిలో పడిన వాసన అంత దూరాన్నుంచి నాకొక్కదానికే వచ్చేది. పిల్లలు కనిపెట్టేశారు. "టీచర్, కరెంటు పోయింది, మీకు ఇయ్యాల పండుగ" అనేవారు. మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి, విసనకర్ర ఒక చేత్తో, ముద్ద ఒక చేత్తో, చెమటలు కక్కుతూ ముగ్గురం కూర్చుని తినేవాళ్ళం. ఆ నిశ్శబ్దంలో నాయిన కూడా మాట్లాడేవాడు. "కూర మంచిగైంది" అనేవాడు. వారానికి ఆయన మాటలు అవే. నేను నిజంగానే తగ్గుతున్నాను. జాకెట్లు వదులయ్యాయి. ఇది కూడా బావ చెప్పడు.

తర్వాత ఒక సోమవారం సాంచాలు ఆగాయి. పరుగెత్తాను. బగారా, మటన్. మంగళవారం కూడా ఆగే ఉన్నాయి. కోడికూర. నేను ఎగిరి గంతేశాను, నియమం నియమమే కదా! "వారానికి ఒక్క పూటంటివి గదనే?" అంది అమ్మ. "వారమని ఆమె అన్నది. సాంచాలు బందున్న రోజని నేనన్న. నా మాటే చెల్లుతది" అన్నాను ముద్ద పెట్టుకుంటూ. బుధవారం గుడ్ల పులుసు. చల్లగా, హాయిగా తింటున్నాను. ఆ చల్లదనం ఎక్కడిదా అని తల పైకెత్తాను. నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది.

"నాయినా, కరెంటు ఉన్నది గదా?"

"ఉన్నది బిడ్డా."

"మరి?"

"తిను" అన్నాడు.

మాకు నూలిచ్చి గుడ్డ నేయించుకునే సేటు దగ్గరి నుంచి నూలు రావట్లేదు. తయారైన గుడ్డ ఎక్కడిదక్కడ పేరుకుపోయింది. మా వాడలోనే కాదు, పక్క వాడలోనూ చప్పుడు లేదు. నా జీవితంలో మొదటిసారి ఎవరితోనూ ఏమీ వాదించకుండా చెయ్యి కడుక్కున్నాను. మర్నాడు నాకొద్దన్నాను. జొన్నరొట్టె చాలన్నాను. అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. "నువ్వు సుత తినకుంటె నేనెవలికి వండాలె? కండెలు లేవు, ఏం లేవు. చేతులు ఊకుంటలెవ్వే" అంది. ఆ చేతులు చూశాను. ఒళ్ళో పెట్టుకున్నా వేళ్ళు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూనే ఉన్నాయి. కూర్చుని తిన్నాను. అప్పటి నుంచి రోజూ తిన్నాను. మాంసం పోయింది, కోడి పోయింది, గుడ్డు పోయింది. బియ్యప్పిండితో కాల్చే సర్వపిండి వచ్చింది, ఉడకబెట్టిన బొబ్బర్ల గుడాలు వచ్చాయి, పచ్చిపులుసులో నానిన అన్నం వచ్చింది. చవకయ్యేకొద్దీ అమ్మ వంట ఇంకా రుచయింది, అదెట్లాగో నన్నడగకండి. నాయిన రెండు ముద్దలు తిని లేచేవాడు. మిగిలింది చూసి అమ్మ మొహం ముడుచుకునేలోపు నేను గిన్నె నా వైపు జరుపుకునేదాన్ని. జాకెట్లు మళ్ళీ బిగిశాయి. బావా, విన్నవా, నా బరువు లెక్క ఇదీ.

ఇక బావ కథకు పేరు తెచ్చిపెట్టిన తూకం కాంటా సంగతి. నాయిన ఎవరికీ చెప్పకుండా పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచాడు. మా వాడలో అప్పటికే కొందరు సాంచాలను తూకానికి అమ్మేశారు. నేను కిలోలు తగ్గాలని ఏడుస్తున్న ఇంట్లోకి, నాయిన సాంచాలకు కిలో ధర కట్టేవాడు వచ్చి వాకిట్లో పెద్ద కాంటా దింపాడు. అదే రోజు అక్కా బావా పిల్లవాణ్ణి తీసుకుని వచ్చారు. అమ్మ లోపలి నుంచి బయటికి రాలేదు. నాయిన గడప పక్కనున్న సాంచ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇనుపాయన తన కాంటా నిజాయితీ గురించి చెప్పుకుపోతున్నాడు: "అన్నా, ముల్లు ఇటు అటు పోదు. కావాలంటె మనిషిని నిలవెట్టి చూడుర్రి."

ఆ ఊపిరాడని వాకిట్లో, మావాళ్ళలో నోరు విప్పగలిగినవాడు మా బావ ఒక్కడే. "మనిషంటె మా మరదలున్నది గదా! డాక్టరమ్మ రాసిన తూకం చీటి సుత ఉన్నది. నిలవడు మరదలా, కాంటా బండారమన్న తేలుతది, నీ బండారమన్న తేలుతది."

ఇంకెప్పుడైనా అయితే ఆయన బండారం నేను తేల్చేదాన్ని. ఆ రోజు నాయిన మొహం చూడలేక ఎక్కి నిలబడ్డాను. ముల్లు ఎక్కడ ఆగిందో నేను చెప్పను. ఇనుపాయన అక్క తెచ్చిచ్చిన చీటీ చూశాడు, ముల్లు చూశాడు, నన్ను చూశాడు. "అమ్మా, నా కాంటాల తప్పేం లేదమ్మా" అన్నాడు పాపం, చేతులు జోడించి.

"మామా, నీ సాంచ కంటె గిదే ఎక్కువ తూగేటట్టున్నది!" అన్నాడు బావ.

"తూగుత!" అని కాంటా మీద నుంచే అరిచాను, సాంచాలు నడుస్తున్నంత గట్టిగా. "నాలుగు సాంచాలు బందయినంక నాలుగింటి తిండి నేనే తిన్న. అమ్మేదుంటె నన్నమ్ముర్రి, వాటి జోలికి పోకుర్రి!"

నాయిన నవ్వాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత సాంచ మీద చెయ్యి జారింది, తర్వాత వంగి మోకాళ్ళు పట్టుకుని నవ్వాడు. అంత చప్పుడు ఆయన గొంతులో ఉందని మాకెవరికీ తెలియదు. అమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. నాయిన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ, అవి తొందరగా ఆరకపోతే ఇంకా తుడుచుకుంటూ, "ఇయ్యాల కాదు తమ్మీ, పో" అన్నాడు ఇనుపాయనతో.

"మల్ల ఎప్పుడు రమ్మంటవన్నా?"

"కబురు పెడుత."

పెట్టలేదు. కొన్నాళ్ళకు నూలు వచ్చింది. ముందు పక్క వాడలో, తర్వాత మా వాడలో, ఒకటొకటిగా టకటకలు మొదలయ్యాయి. బావ చెప్పే కథలో కాంటా ఉంటుంది, ముల్లు ఉంటుంది, నేనుంటాను. నాయిన నవ్వు మాత్రం ఉండదు. ఆయన కథ ముల్లు దగ్గరే అయిపోతుంది.

నా కథ ఇంకొంచెం ఉంది. నూలు రావడంతో పని ఊపందుకుంది, కరెంటు బందు రోజు కూడా ఎత్తేశారు. సాంచాలు ఆగడమే లేదు. నేను మళ్ళీ జొన్నరొట్టెకు దిగాను. వారం పోయింది, ఇంకో వారం పోయింది. బడిలో నల్లబల్ల ముందు చెవులు రిక్కించి నిలబడేదాన్ని. "ఆగకుంటె ఆగకపాయె, తినరాదే ఒక పూట" అని అమ్మ అరిచింది. "ఆగంది తినను!" అని నేనరిచాను. నాయిన మా మధ్యలోంచే కండెల గంప పట్టుకుని నడిచిపోయాడు.

ఆ తర్వాతి సెలవు రోజు, మధ్యాహ్నం, బగారా వాసన వచ్చింది. భ్రమేమో అనుకున్నాను, సాంచాలు నడుస్తూనే ఉన్నాయి కదా. ఇంకొంచెం సేపటికి, నాలుగూ ఒక్కసారే ఆగిపోయాయి. నాయిన చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. "ఫ్యూజు పోయింది" అన్నాడు. అంగీ జేబులోంచి తెల్లటి పింగాణీ ఫ్యూజు తల బయటికి పెట్టి చూస్తోంది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది. (సాంచాల మీటరు వేరు, ఇంటి మీటరు వేరు. కాబట్టి ఫ్యాను సాక్ష్యం చెల్లదు. ఇది నేను చాలాసార్లు ఆలోచించాను.) నేను నోరు తెరిచాను. "తిను" అన్నాడు. అంత ఆకలి మీద ఎవరు వాదిస్తారు? తిన్నాను. నేను చెయ్యి కడుక్కునేలోపే ఆయన లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. టకటకలు మొదలయ్యాయి.

ఇప్పుడు నేనుండేది జగిత్యాలలో. చుట్టుపక్కల ఒక్క సాంచ లేదు. పగలంతా నిశ్శబ్దమే, అంటే నా నియమం ప్రకారం ఎప్పుడైనా తినొచ్చు. అమ్మ దగ్గర నేర్చుకున్నట్టే బగారా వండుతాను. వాసన వస్తుంది, రుచి వస్తుంది. చప్పుడు ఆగే ఆ క్షణం మాత్రం రాదు. మొదలైతే కదా, ఆగడానికి! కుర్చీలిప్పుడు గట్టివే వస్తున్నాయి. బరువు సంగతి అడగకండి. ఆ కాంటా మీద నిలబడి అరిచిన పిల్ల ఎదురైతే మాత్రం, నీ నోరు ఒక్క రోజైనా పనికొచ్చిందే అని చెప్పి, ఇంకో ముద్ద వడ్డిస్తాను.

నాయిన పోయాడు. అమ్మను అడిగాను, ఆ ఫ్యూజు రోజు సాంచాలు ఆగకముందే బగారా ఎందుకు ఎక్కించావని. "వండబుద్దయింది, వండిన. దానికి సుత కొట్లాటేనా?" అంది, కిటికీ వైపు చూస్తూ. ఆమె దగ్గర ఇంతకంటే రాదు. కాబట్టి ఎవరితో తేల్చుకోవాలో వారినే అడుగుతున్నాను, ఈసారి అరవకుండా: గా ఫ్యూజు పోయిందా నాయినా, నువ్వే తీసినవా?