పద్మ నడిపిన కథలాట

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కోగానే పద్మ వాళ్లింటికి పరిగెత్తేదాన్ని. రాజోలులో మా రెండిళ్లకీ మధ్య ఒక బోదె, అంటే చిన్న కాలవ... దాని మీద అడ్డంగా కొబ్బరి దుంగ. అది దాటితే వాళ్ల వసారా. తుంగచాప పరిచి, మధ్యలో ఒక అట్టపెట్టె పెట్టుకుని పద్మా, వాళ్ల అమ్మమ్మగారూ నా కోసం చూస్తూ ఉండేవారు.

అప్పుడు మేమిద్దరం తొమ్మిదో తరగతి. పద్మ వాళ్లమ్మ కువైట్‌లో ఒకరింట్లో పనికి వెళ్లింది. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్లయి వద్దనుకున్న ఆట పెట్టెని, ఊరికి వస్తున్న వాళ్ల చేత కూతురికి పంపింది. లోపల లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, కొన్ని కాగితాలు, రంగురంగుల పాచికలు... ఇరవై ముఖాల పాచిక కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది!

వేసవి సెలవులంతా పద్మ డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పుస్తకం చదివింది. ఒకరు కథ నడుపుతారు... మిగిలినవాళ్లు ఆ కథలో ఒక్కో మనిషి అయిపోతారు. "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగితే, చెప్పి పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే అనుకున్నది జరుగుతుంది. చిన్నది పడితే చిక్కుల్లో పడతాం. అంతే ఆట.

పుస్తకంలో అన్నీ మంచు కొండలూ, కోటలూనూ. మంచు మేమెక్కడ చూశాం... పద్మ వాటిని తీసేసి గోదారి మధ్య ఉండే లంకలు పెట్టింది. వరద, దారి తప్పిన పడవ, లంకలో దాక్కున్న రాక్షసుడు... ఆటలో అమ్మమ్మగారు మూలికల వైద్యురాలు. నేను సేనాధిపతిని. బళ్లో టీచరు ప్రశ్న అడిగితే గొంతు పెగలని నేను, ఆ వసారాలో సైన్యాలకి ఆజ్ఞలిచ్చేదాన్ని.

ఒకసారి రాక్షసుడు ఎదురొచ్చాడు. కత్తి దూస్తున్నానని చెప్పబోయాను. అమ్మమ్మగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండవే... ముందు అన్నం తిన్నాడో లేదో అడుగు. ఆకలేసి వచ్చేడేమో."

"అమ్మమ్మా, ఆడు రాక్షసుడే!" అంది పద్మ.

"అయితే? రాక్షసుడికి ఆకలెయ్యదా?"

అన్నం తిన్నావా అని రాక్షసుణ్ణి అడిగి పాచిక వేస్తే ఇరవై పడింది. ఆ రోజు నుంచి రాక్షసుడే మా పడవ నడిపాడు... నవ్వలేక చచ్చాం.

పదో తరగతిలో ఒకరోజు పద్మ నోటు పుస్తకం వెనక బెంచీ అమ్మాయి చేతిలో పడింది. మా వేషాలు, ఎవరేమన్నారో అన్నీ పద్మ అందులో రాసుకునేది. టీచరు లేని పీరియడు... ఆ అమ్మాయి బెంచీ ఎక్కి పైకి చదివింది.

"పదో క్లాసొచ్చి ఇంకా ఈ రాజులాటలేంటే! అదీ అమ్మమ్మతో!"

క్లాసంతా ఒకటే నవ్వు. పాచికలంటే జూదమే కదా అన్నారు ఇంకెవరో. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది.

"ఈ సేనాధిపతి నువ్వేనా?"

పద్మ వైపు చూడకుండా అన్నాను...

"నేనెందుకు ఆడతానే! ఆ పిచ్చి దానికే."

పద్మ నన్ను చూసింది. లేచి వెళ్లి పుస్తకం తీసుకుంది.

"అవును, తను ఆడదు. నేనూ అమ్మమ్మే ఆడతాం" అంది అందరితో.

ఆ ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లలేదు. ఆ తర్వాతి వారమూ వెళ్లలేదు... ట్యూషనని, పరీక్షలని నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. ఒకసారి కూరల కొట్టు దగ్గర అమ్మమ్మగారు ఎదురయ్యారు.

"ఏమ్మా, కథ మజ్జిలో ఆగిపోయింది కదా... రావట్లేదేం?"

"చదువుకోవాలండి."

"ఆయ్... చదువుకోవాలిలే తల్లీ" అని ఊరుకున్నారు.

ఇన్నేళ్లకి... పోయిన వారం, అమలాపురంలో పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, శనివారం మనింట్లో గేమ్ పెట్టుకుంటాం అంది. అయిదుగురు పిల్లలు వచ్చారు. బల్ల మీద అవే ఇరవై ముఖాల పాచికలు! కథ నడిపే అమ్మాయి చెప్పులు విప్పేలోపే ఇద్దరు ఆ పిల్లకి కుర్చీ జరిపారు. క్లాసులో ఫస్టొచ్చే అబ్బాయి కూడా ఈ ఆటలో చోటు కోసం రెండు నెలలుగా అడుగుతున్నాడట.

"మా రోజుల్లో ఈ ఆట ఆడితే నవ్వేవారే" అన్నాను.

"ఎందుకు నవ్వడం? ఇది తెలీదంటేనే మా క్లాసులో నవ్వుతారమ్మా" అంది మా అమ్మాయి.

టీ కప్పులు తీసుకెళ్లే వంకతో నాలుగుసార్లు ఆ గదిలోకి వెళ్లాను... ఆ పిల్ల కథ చెబుతుంటే పద్మే గుర్తొచ్చింది.

మర్నాడు ఫోన్ చేశాను. పద్మ ఇప్పుడు రావులపాలెంలో టీచరు. పండగలకి మెసేజీలు పెట్టుకోవడమే గాని, ఆ రోజు మాట ఎప్పుడూ ఎత్తలేదు మేము. ఎత్తాను. తప్పయిపోయిందే అన్నాను.



"ఆ మాటకేముందే..." అంది పద్మ. "ఆ వయసులో ఎవరైనా అంటారు. కానీ ఆదివారం వత్తావేమో అని చాలా వారాలు చూశాం. అమ్మమ్మయితే నువ్వు లేకుండా ఆడనంది... దాంతో ఆగిపోయింది."

అమ్మమ్మగారు పోయి చాలా ఏళ్లయింది.

"ఇప్పుడు రానా?" అని అడిగాను.

"ఇప్పుడు ఆటేంటే! ఆ పెట్టె ఏ చెదల పాలయ్యిందో కూడా తెలీదు..." నవ్వింది. "ఊరికే రా. మాట్టాడుకుందాం."

ఈ ఆదివారం వెళ్తున్నాను.

ఇప్పటి పిల్లలు తమకి నచ్చిన ఆటని నలుగురిలో ధీమాగా ఆడుకుంటున్నారు... చూస్తే ముచ్చటేస్తోంది. నిజం చెప్పొద్దూ, కొంచెం అసూయగానూ ఉంది.

నలుగురూ నవ్వుతారని మీరూ ఆడనట్టు నటించిన ఆట ఏదైనా ఉందా అండీ? ఉంటే చెప్పండి... ఎవరితో ఆడేవారో వాళ్ల పేరు కూడా రాయండి.