ఎగువూరి మిషను

పద్నాలుగేళ్లు విశాఖలో ఒక వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి, యజమానితో మాటా మాటా పెరిగి మానేశాను. తప్పు నాదే అయ్యుంటుంది, నా నోరు మంచిది కాదు. అరకు దగ్గర మా సొంతూరికి వచ్చి, రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి, 'కాఫీ పల్పర్ మిషన్లు బాగుచేయబడును' అని బోర్డు రాయించాను. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. నా భార్య ఆ బోర్డును రోజూ తడిగుడ్డతో తుడిచేది.

మా కొండల్లో కాఫీ పళ్లను కోసిన రోజే మిషన్లో వేసి తొక్క తీసెయ్యాలి. లేకపోతే పులిసి పాడవుతాయి. చేత్తో తిప్పే చిన్న మిషన్లు ఊరూరా ఉన్నాయి గానీ, అవి మొరాయిస్తే చూసే మనిషి లేడు. ఆ మనిషిని నేనే అవుదామనుకున్నాను. మొదటి ఏడాది కోతల కాలంలో నాకు తీరిక లేదు. సామాన్ల పెట్టె బండికి కట్టుకుని పొద్దున్నే బయల్దేరితే, రోజుకో ఊరు.

మిషన్లో తిరిగే డ్రమ్ముకూ, దాని ఎదుటి పలకకూ మధ్య ఒక సందు ఉంటుంది. పని నాణ్యతంతా ఆ సందులోనే. నా దగ్గర ఒక ఇనుప పట్టీ ముక్క ఉండేది. దాన్ని సందులో పెట్టి, దాని మందానికి బిగించి, "ఇంక చూడక్కర్లేదు" అనేవాణ్ణి. ఏ ఊరైనా ఆ పట్టీయే కొలత. రెండో ఆలోచన లేదు, అంత గర్వం నాకు.

కొండ మీద ఎగువూళ్లో భర్త పోయిన ఒకావిడ మిషను కూడా అలాగే బిగించాను. ఆవిడకి ఒకతే కూతురు, ఇంటరు పూర్తి చేసింది. ఆ ఏటి పంట మంచి ధరకి పోతే పార్వతీపురంలో నర్సింగులో చేర్పిస్తానని ఆవిడ చెప్పింది. నేను పని చేస్తుంటే ఆ గుంట, అదే ఆ పిల్ల, నా పక్కనే నిలబడి హ్యాండిల్ తిప్పింది. తొక్కలు ఒకవైపు, గింజలు ఒకవైపు పడుతుంటే ఒకటే నవ్వు. "మిషను మావా, నువ్వుండీసరికి మాకు బెంగ నేదు" అంది. పని అయ్యాక వాళ్లమ్మ ఎండిన ఆనపకాయ బుర్రలోంచి అంబలి పోసింది. రెండు గిన్నెలు తాగి దిగివచ్చాను.

ఆ ఏడాది వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అంబలో, అన్నమో పెట్టకుండా పంపలేదు. ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఒకరోజు నా భార్య అంది: "తిండి బాగానే పెడతన్నారు. మళ్లీ రమ్మని పిలిసినోళ్లెవరు, సెప్పు?" కంచం తోసేసి లేచిపోయాను.

రెండో ఏడాది కోతలు మొదలయ్యాయి. ఫోను మోగలేదు. షెడ్డులో కూర్చుని రోడ్డు మీద వెళ్లే టూరిస్టు బస్సులు చూడటమే నా పని అయింది. నా మీద ఎవరో చాడీలు చెప్పారనుకుని, మనసులోనే నలుగురైదుగురిని తిట్టుకున్నాను కూడా. చివరికి ఉండబట్టలేక ఎగువూరు వెళ్లాను.

ఆవిడ నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు. "రా అన్నయ్యా" అని పీట వేసింది. నేను హుషారుగా, "గుంట నర్సింగులో చేరిందా?" అని అడిగాను.

"నేదు. రొయ్యల కంపెనీకి ఎల్లిపోయింది. రొయ్యలు ఒలుస్తాది."

చూరు కింద మిషను తుప్పు పట్టి ఉంది. ఈ ఏడాది పళ్లని పళ్లుగానే షావుకారికి ఇచ్చేసిందట. మిషను పక్కన గోనె సంచి ఒకటి కనిపిస్తే, అలవాటుగా చెయ్యి పెట్టాను. నిరుటి గింజలు. దాదాపు ప్రతి గింజకీ పక్కన గాటు, గాటు చుట్టూ నల్లటి మరక. కొనేవాళ్లు వద్దని తిప్పి పంపేసిన సరుకు అది. ఎగువన చలికి పండు నిదానంగా పండుతుంది, గింజ పెద్దది. నా పట్టీ కొలత దిగువ గింజలకి సరిపోయేది. ఆ ఇరుకు సందు ఇక్కడి గింజల్ని కోసేసింది. ఈ కొండల్లో పుట్టినవాడికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. ఆలోచించలేదు, అంతే.

"సెల్లెమ్మా, మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఎలా సెప్తాను? నా సేత్తో అంబలి పోసేను గదా. తిన్నోడు ఇంటోడే. ఇంటోడి మీద తప్పెలా ఎంచుతాం?"

మా అమ్మా అంతే. తన చేతి కూడు తిన్నవాళ్ల గురించి ఒక్క చెడ్డమాట అననిచ్చేది కాదు. ఇది మా వైపు రివాజు, నేను పెరిగిందే ఇందులో. వర్క్‌షాపులో పని చెడితే సామాను ముఖాన కొట్టేవారు. పద్నాలుగేళ్లు దానికి అలవాటు పడి, ఎవరూ ఏమీ అనలేదంటే బాగుందనే అనుకున్నాను. తిన్న ఇళ్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటిలో ఎన్ని కొండ మీది ఊళ్లవో లెక్కపెట్టుకోవాలంటే భయం వేసింది. ఎన్ని ఇళ్ల అటకల మీద ఇలాంటి సంచులున్నాయో ఇప్పటికీ నాకు తెలియదు.

పెట్టె తీసి మిషను విప్పబోయాను. "ఇప్పుడేటి సేత్తావులే, పళ్లు నేవు గదా" అంది. మళ్లీ అంబలి పోసి తెచ్చింది. వద్దనలేకపోయాను, తాగలేకపోయాను. గిన్నె చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

"గుంటకి ఈ సంగతి తెలుసా?" అని అడిగాను.

"దానికి సెప్పనేదు. నిరుడు కొనీవోళ్లు రానేదన్నాను." మళ్లీ ఆవిడే అంది: "ఫోన్ సేసినప్పుడల్లా అడుగుతాది, మిషను మావ బాగున్నాడా అని."