కాటా కోసం పెట్టిన సంతకం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. నేను చదివింది మూడో తరగతే అయినా విన్న మాట మరిచిపోను. మరిచిపోవాలని కోరుకున్న మాట మాత్రం ఒకటుంది, అదే చెబుతాను.

కరోనా తగ్గిన మరుసటి ఏడు. చిల్లకూరు దగ్గర హైవే పక్కన ఒక సీజింగ్ యార్డులో కాపలా ఉండేవాణ్ణి. వాయిదాలు ఆగిన బండ్లను పట్టుకొచ్చి ఆ ఆవరణలో పెడతారు. బండి రాగానే టైర్లు, బ్యాటరీ, లోపలి సామాను చూసి ఇన్వెంటరీ, అంటే జాబితా, రాయించడం నా పని.

సముద్రంలో వేట ఆపేసిన నెలలవి. ఒక మధ్యాహ్నం చేపల ట్రాలీ ఆటో ఒకటి వచ్చింది. దాని వెనకాలే కోటమ్మ, ఆమె మొగుడు శీనయ్య పరుగున వచ్చారు. ఆటో మీద బ్యాంకు లోను కోటమ్మ పేరునే ఉంది. వేట లేక రెండు వాయిదాలు తప్పాయి.

"నోటీసు లేదు, ఏమీ లేదు. నలుగురు అడ్డం నిలబడి తాళం లాక్కున్నారన్నా" అన్నాడు శీనయ్య.

కోటమ్మ చూపంతా ఆటోలో ఉన్న కాటా మీదే ఉంది. "తెల్లారితే చెరువు చేపలు అమ్ముకోవాల. అదన్నా ఇయ్యి. నా కాటాక్కూడా వాయిదా ఉందా ఏంది?"

సామాను అడిగిన ప్రతివాళ్ళ చేతా మా మేనేజరు ఒక ఇంగ్లీషు కాగితం మీద సంతకం తీసుకోమనేవాడు. దాన్ని సరెండర్ లెటర్ అంటారు. బండిని నా ఇష్టంతోనే అప్పగిస్తున్నాను అని దాని సారం. నాకు ఇంగ్లీషు రాదు కానీ అందులో ఏముందో తెలుసు. మేనేజరే ఒకసారి నవ్వుతూ చెప్పాడు.

"ఇదేం కాయితం అన్నా?" అని అడిగింది కోటమ్మ.

"సామాను ముట్టినట్టు రాసిందమ్మా. పెట్టెయ్, ఏం కాదు."

అందరికీ చెప్పే మాటే ఆమెకూ చెప్పాను. ఎండలో నిలబడిన మనిషి తొందరగా ఇల్లు చేరాలనీ అనుకున్నాను. ఆమె కూడబలుక్కుని పేరు రాసింది. కాటా నేనే ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను.

వేట మొదలయ్యాక కోటమ్మ డబ్బు సర్దుకుని బ్యాంకుకు పోతే, ఆటో అప్పటికే అమ్మేశామన్నారు. అమ్మే ముందూ కబురు లేదు. ఎవరో చెబితే నెల్లూరులో వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు పెట్టుకుంది. అక్కడ బ్యాంకు వాళ్ళు చూపించింది ఆ కాగితమే.

ఆ తర్వాత ఒకరోజు కోటమ్మ ఒంటరిగా యార్డుకు వచ్చింది.

"అందులో ఏముండాదో ఆ పొద్దు నీకు తెలుసునా అన్నా?"

"తెలుసమ్మా."

"అయితే కమిషన్ కాడికొచ్చి ఆ మాటే చెప్పు. కాటా కోసం పెట్టిందని చెప్పు. బండి డబ్బులన్నా తిరిగొస్తాయి."

"ఉద్యోగం పోతుందమ్మా. పిల్లలుండారు."

"నాకు లేరా?" అంది. అరవలేదు, తిట్టలేదు. కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

నేను సాక్ష్యానికి పోలేదు, కేసు నిలవలేదు. ఏడాది తిరక్కుండానే యార్డు మూసేశారు. ఏ ఉద్యోగం కోసం నోరు కట్టుకున్నానో అదీ మిగల్లేదు. ఇప్పుడు గూడూరు బజారులో కోటమ్మ షేరు ఆటో దిగి చేపల బుట్ట మోసుకుంటూ వస్తుంది. కనబడితే "బాగుండావా అన్నా" అని పలకరిస్తుంది. ఆ పలకరింపు కంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

లోను మీద బండి కొన్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. వాయిదా తప్పినా మీరు దొంగలైపోరు. బండి పట్టే ముందు నోటీసు అడగండి, అమ్మే ముందూ అడగండి. రౌడీల్లా మీద పడి లాక్కునే హక్కు ఎవరికీ లేదు. బండిలోని మీ సామాను మీదే, దానికోసం బండిని రాసివ్వక్కర్లేదు. చదవలేని కాగితమైతే చదివే మనిషి దొరికేదాకా కలం ముట్టుకోకండి. ఏం కాదులే అని నాలాంటివాడు ఎంత మెత్తగా చెప్పినా నమ్మకండి.

మీ ఇంటి ముందు నిలిపిన బండి మీ వాళ్ళ చేతిలోనే కదలాలి. పొద్దున వెళ్ళిన మనిషి పొద్దుగుంకేలోగా దాని మీదే ఇల్లు చేరాలి. మీ కుటుంబాన్ని దేవుడు చల్లగా చూడాలి.