చిన్న గది తలుపు

ఇల్లు కొనేవాళ్లు ముందు వంటిల్లు చూస్తారు, వాస్తు అడుగుతారు. కృష్ణప్రియ మాత్రం తిన్నగా చిన్న గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. మొగుడూ పెళ్లాలిద్దరికీ ఇల్లే ఆఫీసైనప్పటి నుంచి, నల్లగండ్ల కిరాయి ఇంట్లో దినేశ్ మీటింగులన్నీ ఆమె చెవుల్లోనే జరుగుతున్నాయి. అందుకే ప్రతి ఫ్లాటులోనూ అతను హాల్లో నిలబడి మీటింగులో లాగే గట్టిగా మాట్లాడాలి, ఆమె లోపలి నుంచి వినాలి. ఇన్ని శనివారాల్లో ఏ గోడా ఆ గొంతును ఆపలేదు.

ఈ రోజు మాట్లాడీ మాట్లాడీ దినేశ్ గొంతు బొంగురుపోయింది. "మేడం ఇంక బయటికి రాలేదేంది సార్?" అన్నాడు బ్రోకర్ మొగిలి. దినేశ్ వెళ్లి తలుపు తీశాడు. ఆమె చెప్పులు విప్పి, గోడకు చేరగిలబడి, కళ్లు మూసుకుని కూర్చుంది.

"వినపడిందా?"

"లేదు," అంది కళ్లు తెరవకుండానే. "తలుపేసి వెళ్లి, ఇంకాసేపు మాట్లాడుతూ ఉండు."