అయిదు గళ్ల సైటు

కోరుట్లలో వెబ్‌సైట్లు చేసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఆడమనిషి రజని ఒక్కతే. కాబట్టి ఆమె ఏం చేస్తుందో తెలియకపోయినా, ఏం చేయకూడదో చెప్పే హక్కు మాత్రం ఊరందరికీ సంక్రమించింది. తండ్రి మొండయ్య ఒకప్పుడు కల్లు గీయడానికి తాళ్లెక్కిన మనిషి. మోకు పక్కన పెట్టాక ఆయనకు మిగిలిన పని బిడ్డ గురించి చెప్పుకోవడమే. "మా బిడ్డ కంప్యూటర్ల దుకాండ్లు కడ్తది" అనేవాడు. ఆ వృత్తికి అంతకంటే మంచి నిర్వచనం ఇప్పటికీ ఎవరూ ఇవ్వలేదు.

ఆమె కట్టేవి నిజంగానే చిన్న దుకాణాలు. బుగ్గారంలో విత్తనాల వ్యాపారికొకటి, జగిత్యాలలో ఫంక్షన్ హాలుకొకటి. నాలుగు పేజీలు, పది ఫోటోలు, ఒక ఫోన్ నంబరు. అయినా సరే, లోకంలో అందరూ వాడే పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థ మీదే వాటిని నిలబెట్టాలని వృత్తిధర్మం. కోడిపిల్లను తీసుకుపోవడానికి లారీ మాట్లాడుకున్నట్టు రజని కూడా కొన్నేళ్లు ఆ ధర్మాన్ని పాటించింది.

ఫంక్షన్ హాలు యజమాని జలపతి ఆ ధర్మానికి గండి కొట్టాడు. ఆయన దుబాయిలో ఉన్నన్నాళ్లూ ఫోన్లో ఎర్రచుక్క కనబడితే నొక్కకుండా పడుకోని మనిషి. తన సైటు లోపలి పేజీలో 'అప్‌డేట్' పక్కన ఎర్రచుక్క కనిపించింది. నొక్కాడు. దానితో లోపల సర్దుకున్న ప్లగిన్లనే ముప్పై రకాల తోకముక్కలు ఒకదానితో ఒకటి తగాదా పడి, సైటు మొత్తం తెల్లబడింది. అది లగ్గాల కాలం.

"బిడ్డా, పెండ్లి హాలు మీద తెల్లబట్ట కప్పిండ్రు. చూసినోళ్లు ఏమనుకుంటరు?" అన్నాడు ఫోన్లో.

సైటు మీది తెలుపు పోవడానికి ఒక పూట పట్టింది. జలపతి మనసులోది పోవడానికి శాంతిపూజ చేయించాల్సి వచ్చింది.

ఆ పూజ ప్రసాదం తింటూ రజని నిశ్చయించుకుంది: ఇక తన సైట్లకు వేరే సంబంధం చూడాలి. చూసింది కూడా, పెళ్లిచూపులంత శ్రద్ధగా. మొదటిది చూడచక్కనిది, కానీ అక్షరం మార్చాలన్నా నల్లటి తెర మీద ఆజ్ఞలు టైపు చేయమంది. ఇంజనీర్లతో తప్ప మాట్లాడదు. రెండోది మాట్లాడుతుంది గానీ నెలనెలా కట్నం అడుగుతుంది. మూడోదానికి పేరూ ప్రతిష్ఠా లేవు. డేటాబేసు లేదు. సంసారమంతా ఒక్క ఫోల్డరులో ఇముడుతుంది, ఇల్లు మారాలంటే ఆ ఫోల్డరు ఎత్తుకుపోతే చాలు. లోపల కనిపించేవి అయిదే గళ్లు: శీర్షిక, ఫోటో, మాట, ధర, ఫోన్ నంబరు. నొక్కి చెడగొట్టడానికి ఎర్రచుక్క సైతం లేదు. రజని దాన్నే ఖాయం చేసుకుంది.

ఈ సంబంధానికి దాయాది ఒప్పుకోలేదు. పెద్దనాన్న కొడుకు సతీశ్‌కు జగిత్యాలలో అద్దాల తలుపున్న ఆఫీసుంది. పేరు లేని వస్తువును నమ్ముకుంటే వృత్తిలో ఎవరూ లెక్కచేయరని హెచ్చరించాడు. సిరిసిల్లలో ఒక సైటు పనికి ఇద్దరూ పోటీ పడుతున్నారు. అది గనక ఆమెకు రాకపోతే బుద్ధిగా తన ఆఫీసులో చేరి తను చెప్పిన పద్ధతిలో పని చేయాలన్నాడు. చేతిలో వేరే పని లేని రజని, పౌరుషం కొద్దీ సరేనంది.

సిరిసిల్ల పని లంగాలు, నైటీలు కుట్టే ఆడవాళ్ల సంఘానిది. అధ్యక్షురాలు ప్రేమలత, కార్యదర్శి శాంత, మిషన్ల ముందు నుంచి లేచి వచ్చిన కమిటీ. సతీశ్ గోడ మీద పెద్ద తెర వేసి చూపించాడు. లంగాల ఫోటోలు కుడి నుంచి ఎడమకు పరుగెత్తాయి. కమిటీ నోరు తెరిచింది.

ప్రేమలత ఒక్కటే అడిగింది. నిన్ననే లస్మవ్వ కమిటీలోకి వచ్చింది, ఆమె ఫోటో సైటులోకి ఎప్పుడొస్తుంది? పదవి వస్తే ఫ్లెక్సీ, ఫ్లెక్సీలో హోదాను బట్టి తలకాయ సైజు. ఇది ఈ ప్రాంతపు అలిఖిత రాజ్యాంగం. సతీశ్ తన కుర్రవాళ్లకు మెయిలు పెడితే రెండు రోజుల్లో పెడతారన్నాడు. రజని సంఘం కోసం కట్టిన నమూనా సైటు తెరిచి ఫోను శాంత చేతికిచ్చింది.

శాంత గళ్లు చూసింది, ఫోటో ఎక్కించింది, నొక్కింది. లస్మవ్వ వచ్చింది. అయితే మొదటి పేజీ నిండా వచ్చింది. అధ్యక్షురాలు కింద మూలన, బఠాణీ గింజంత.

గదిలో రాజ్యాంగ సంక్షోభం ఏర్పడింది. లస్మవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"చూసిండ్రా? అందరి చేతికిస్తే గిట్లనే అయితది," అన్నాడు సతీశ్. "నా దాంట్ల గీ తప్పు కానే కాదు. మీరు ముట్టేదే ఉండదు."

శాంత బెదిరి ఫోను రజని వైపు చాచింది. ఒక్క వేలు కదిపితే సరిపోయేది. కానీ ఆ వేలు కదిపితే సతీశ్ మాటే నెగ్గినట్టు. రజని చేతులు వెనక్కి కట్టుకుంది.

"నేను ముట్ట," అంది. "తప్పు వడ్డది. రేపు సుత వడ్తది. మీ సైటు, మీ తప్పు, మీరే దిద్దుకుంటరు. ఫోటో జరుపుటానికి జగిత్యాలకో కోరుట్లకో దండం పెట్టుడెందుకక్కా?"

"మొండిదానివే పిల్లా," అంటూ ప్రేమలత ఫోను తానే లాక్కుంది. ముందు లస్మవ్వను పూర్తిగా మాయం చేసింది. తర్వాత రెండుసార్లు పెట్టింది. చివరికి లస్మవ్వ వరుసలో తన చోటికి, కొంచెం ఒరిగి, చేరుకుంది. ప్రేమలత తన ఫోటోను మునుపటికంటే కాస్త పెద్దది చేసుకుంది కూడా. అది ఎవరూ అడగలేదు, ఎవరూ కాదనలేదు.

"సతీశ్ సారూ, మీదే మంచిగున్నది," అంది. "కని గది మీ చేతిలుంటది. మాకు గిదే కావాలె."

రజని ఊపిరి పీల్చుకునేలోపే ఆమె వైపు తిరిగింది. "ఒక్కటి మాత్రం. లంగలు గట్ల ఉరకాలె."

కమిటీ తలలన్నీ ఊగాయి. సతీశ్ ముఖంలో మళ్లీ వెలుగొచ్చింది. సరే అంటే పని ఖాయం. కానీ ఫోటోలు పరుగెత్తాలంటే ఒక తోకముక్క కావాలి, దానికి తోడు ఇంకోటి, చివరికి మళ్లీ ఎర్రచుక్క.

"ఉరకయక్కా," అంది రజని.

"పనిచ్చినంక సుత కాదంటవా?" అంది ప్రేమలత.

"కాదంట. గవి ఉరికితే సైటు ఎప్పుడన్న ఆగుతది."

ప్రేమలత గోడ మీద ఇంకా పరుగెత్తుతున్న లంగాల వైపు ఒకసారి చూసింది. తర్వాత తన మిషను వైపు నడుస్తూ అంది:

"ఉరకకుంటె మానె. లంగలు ఉరికి ఏడికి వోవాలె?"